ఐదో నంబరు

తెర వెనక నేల మీద పాత కంబళి పరిచి ఉంది. వాయించడానికి వచ్చేవాళ్ళ అడుగుల చప్పుడు తెర అవతల కూర్చున్న ముగ్గురికీ వినపడకూడదని కాగితాలక్క ఆ ఉదయమే ఇంటి నుంచి మోసుకొచ్చి పరిచింది. చెప్పులు గుమ్మం దగ్గరే వదిలెయ్యాలి. గొంతు సవరించుకోకూడదు. ఏదైనా అడగాలంటే ఆమె చెవిలో అడగాలి, ఆమె పైకి అడుగుతుంది. ఒక్కొక్కరూ ఒక చిట్టీ తియ్యాలి. అందులో ఉన్న అంకే ఆ పూటకు వాళ్ళ పేరు.

"తుమ్మొస్తేనో అక్కా?" అన్నాడు వరసలో ముందున్న కుర్రాడు.

"తుమ్ముకి యాస ఉండదులే. తుమ్ము."

ఆరుగురూ కిసుక్కున నవ్వారు. ముగ్గురు ఏటికి ఇవతలివాళ్ళు, ముగ్గురు అవతలివాళ్ళు. రెండొడ్లదీ ఒకటే భాష. కానీ నోరు విప్పితే చాలు, ఎవరిది ఏ ఒడ్డో తెలిసిపోతుంది. అందుకే ఇన్ని జాగ్రత్తలు. ఈ ఆర్కెస్ట్రాలో నలభైమంది పిల్లలుంటే ఇవతల నుంచి ఇరవైమంది, అవతల నుంచి ఇరవైమంది. అవతలివాళ్ళు రోజూ వంతెన మీద వాద్యాల పెట్టెలు తెరిచి సైనికులకు చూపించి, మూసి, ఇవతలి కొసన ఉన్న ఈ పాత జౌళి గిడ్డంగికి వస్తారు. స్వరాల కాగితాలు పంచేదీ, పోగుచేసేదీ, చిరిగితే అతికించేదీ ఆమే కాబట్టి రెండొడ్ల పిల్లలకూ ఆమె కాగితాలక్క. పొద్దుటిపూట ఆమె ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది.

కచేరీ మధ్యలో ఒక ఘట్టం ఉంది. నలభైమందీ మెల్లగా తగ్గిపోతారు, పెద్ద వయొలిన్ లాంటి చెల్లో ఒక్కటి మాత్రం ఐదు నిమిషాలు ఒంటరిగా నడుస్తుంది. ఆ ఐదు నిమిషాలు ఎవరివో తేల్చడానికే ఈ తెర. అవతలి పక్క కూర్చున్నవాళ్ళలో ఒకరు ఇవతలి నిర్వాహకుడు, రిటైరైన హెడ్మాస్టరు. రెండోవారు అవతలి నిర్వాహకుడు, పళ్ళ డాక్టరు. మూడో ఆయన ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిన, ఆర్కెస్ట్రాను నడిపించే ముసలి కండక్టరు. మొదటిరోజు ఆయన్ని చూసి పిల్లలు "టికెట్, టికెట్" అని నవ్వుకుంటే, అర్థం కాక తనూ వాళ్ళతోపాటు నవ్వాడాయన.

కాగితాలక్క కూతురికి రెండో నంబరు వచ్చింది. చిట్టీ చూపించి తల్లి చేతిని ఒకసారి గట్టిగా నొక్కి వదిలేసింది. ఆ పిల్ల బాగా వాయించింది. నెల రోజులుగా వంటగది గోడ అవతల నుంచి విన్న వరసే అది. ఎక్కడ తడబడుతుందో తల్లికి ముందే తెలుసు. ఆ చోటు రాగానే ఊపిరి బిగబట్టింది. తడబడలేదు.

ఐదో నంబరు అవతలి అమ్మాయిది. మనిషికన్నా పెట్టె పెద్దదని పిల్లలందరూ ఆమెను పిచ్చుక అని పిలుస్తారు. పిచ్చుక వచ్చి కుర్చీని వేలెడంత వెనక్కి జరుపుకుంది. చెల్లో అడుగున ఉండే ఇనప ముల్లును కంబళిలో గుచ్చి, కదులుతుందేమోనని ఊపి చూసింది. ఎడమ అరచేతిని లంగాకు తుడుచుకుంది. వెంటనే మొదలుపెట్టలేదు. కమాను తీగ మీద ఎప్పుడు ఆనిందో కాగితాలక్కకు తెలియనే లేదు. పక్కగదిలో ఎవరో ఎప్పటి నుంచో పాడుతుంటే తలుపు ఇప్పుడే తెరుచుకున్నట్టు నాదం వచ్చింది. తన కూతురు జాగ్రత్తగా దాటిన చోట ఈ పిల్ల ఆగింది. ఒకే స్వరం మీద నిలబడి, ఇంక చాలు అనిపించాక కూడా ఇంకొంచెం నిలబడి, అప్పుడు దిగింది. తెర అవతల కలం కాగితం మీద గీస్తున్న చప్పుడు ఆగిపోయింది.

ఆరో నంబరు కూడా అయిపోయి పిల్లలు బయటికి వెళ్ళిపోయాక కండక్టరు గొంతు వినపడింది. "ఐదు," అన్నాడు. "ఐదు. మాటలు ఏమీ లేవు."

కాగితాలక్క తన చేత్తో రాసిన జాబితాను కవరులో పెట్టి, అంటించి, తెర పక్క నుంచి హెడ్మాస్టరు చేతికిచ్చింది. ఏ అంక ఎవరిదో అందులోనే ఉంది. బయటికొచ్చి పిచ్చుక తల నిమరాలనిపించింది, కానీ నిమరకూడదు. ఫలితం నోటీసు పలక మీద అంటించేదాకా ఆమె గోడలాంటి మనిషి.

సాయంత్రం నాలుగింటికి హెడ్మాస్టరు కాగితం తెచ్చి పలక మీద అంటించాడు. పిల్లలు మూగారు. వాళ్ళ భుజాల మీదుగా కాగితాలక్క చదివింది. సోలో పక్కన ఉన్నది తన కూతురి పేరు.

ముందు ఆమెకు తోచింది తను తప్పు రాశానేమోనని. పాతికేళ్ళు ప్రూఫులు దిద్దిన కళ్ళతో ఆ పేరును అక్షరం అక్షరం మళ్ళీ చదివింది. జాబితా కళ్ళముందు ఆడింది. రెండు, కూతురు. ఐదు, పిచ్చుక. తారుమారు చేశానా? లేదు.

"అమ్మా!" అని కూతురు మెడకు చుట్టుకుంది. "అమ్మా, నేనే! నేనే అమ్మా!"

కూతురి వీపు నిమురుతూ ఆ భుజం మీదుగా చూసింది. పిచ్చుక పలక దగ్గర నిలబడి కాగితాన్ని ఒకసారి చదివింది, పైనుంచి కిందికి. "ఓహో," అంది తనలో తను. వంగి బూట్ల తాళ్ళు కట్టుకుంది. లేచి వచ్చి కాగితాలక్క కూతురి చెయ్యి పట్టుకుని ఊపింది. "నీ మూడో పేజీ ఎవరికీ రాదు. నాకైతే అస్సలు రాదు," అంది. నిజంగానే అంది. పెట్టె వీపుకు తగిలించుకుని వంతెన వైపు నడిచింది.

మర్నాడు మధ్యాహ్నం హెడ్మాస్టరు గదిలో కాగితాలక్క నిలబడే అడిగింది. "మాస్టారూ, ఆ కవరు ఒకసారి చూడాలి."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "ఎందుకమ్మా? నీ కూతురికే వచ్చిందిగా. ఇంకా ఏం చూస్తావు?"

"నా రాతలో తప్పుందేమోనని."

ఆయన సొరుగు లాగి కవరు తీసి ముందు పెట్టాడు. ఆ జాబితాను ఎవరూ ముట్టుకోలేదు. కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. ఐదు పక్కన పిచ్చుక అసలు పేరు, తన గుండ్రటి రాతలో, అలాగే ఉంది. దొంగతనం జరిగి ఉంటే ఇంత కంగారు పడేది కాదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

"మీరు..."

"మేం ముగ్గురం కూర్చుని తీసుకున్న నిర్ణయం. నీ కూతురు రెండో స్థానంలో వచ్చింది, అందులో అబద్ధం లేదు."

"డాక్టరు గారు ఒప్పుకున్నారా? ఆయన వైపు పిల్లే కదా అది!"

హెడ్మాస్టరు కవరును సొరుగులో పెట్టి మూశాడు. "ఒప్పుకోవడం కాదమ్మా. ముందు ఆ మాట అన్నదే ఆయన."

పళ్ళ డాక్టరు గిడ్డంగి వెనక అరుగు మీద ఉన్నాడు. ట్రంపెట్ వాయించే కుర్రాడి పెదవి పైకెత్తి, చిగురు మీద వేలితో నొక్కి చూస్తున్నాడు. "రెండు రోజులు ఊదకు. ఉప్పునీళ్ళు పుక్కిలించు," అని వాణ్ణి పంపేసి రుమాలుతో చేతులు తుడుచుకున్నాడు. ఆమె ముఖం చూడగానే, ఎందుకొచ్చిందో ఆయనకు అర్థమైంది.

"కూర్చోండమ్మా."

"వద్దు. చెప్పండి."

"సోలో వాయించేవాళ్ళ బొమ్మ రెండొడ్లలోనూ గోడల మీద పడుతుంది. మీ వైపు మీ అమ్మాయి బొమ్మ పడితే జనం ముచ్చటపడతారు. మా వైపు ఆ పిల్ల బొమ్మ పడితే..." ఆయన ఆ రుమాలునే మళ్ళీ మడిచాడు. "వెనక వరసలో ఇరవైమందిలో ఒకత్తిగా ఉంటే ఎవరూ పట్టించుకోరు. ముందుకొచ్చి కూర్చుంటే అందరి కళ్ళూ పడతాయి. కండక్టరు గారు మాతో రెండు గంటలు పోట్లాడారు. ఆర్కెస్ట్రా ఉండాలా, ఒక పిల్ల ఐదు నిమిషాలు ఉండాలా అన్నాం. ఆయన తలొంచుకున్నారు."

"ఆ పిల్లను అడిగారా?"

"వాళ్ళమ్మే వచ్చి అడిగిందమ్మా. పోటీకి రెండు రోజుల ముందే. గెలవకపోతే సరే, గెలిస్తే మాత్రం వద్దనండి అంది."

కాగితాలక్క అరుగు మీద కూర్చుండిపోయింది. ఏటి పేరెత్తితే పేచీ, వంతెన పేరెత్తితే పేచీ. కుర్చీలు ఎటు తిప్పి వెయ్యాలనే దాని మీదే ఈ ఇద్దరు పెద్దమనుషులూ వారం రోజులు వాదులాడుకోవడం ఆమె చూసింది. ఇద్దరూ కలిసి ఒక్క మాట మీద నిలబడింది ఆ పిల్ల విషయంలోనే.

ఆ మర్నాడు, బుధవారం, ఆమె వంతెన దాటింది. ఈ ఏటి ఒడ్డునే పుట్టి పెరిగినా చాలా ఏళ్ళుగా వంతెన మధ్యనున్న సరిహద్దు గీత అవతలికి అడుగుపెట్టలేదు. సైనికుడు సంచి తెరవమన్నాడు. అందులో పిచ్చుక వాయించాల్సిన స్వరాల కాగితాలున్నాయి. వాటిని సాకుగా తెచ్చుకుంది. అతను ఒక కాగితాన్ని తిరగేసి పట్టుకుని చూసి తిరిగిచ్చేశాడు.

పిచ్చుక తల్లి దర్జీ. కొట్టు సందు మలుపులో ఉంది. ఇనప షట్టరు సగం పైకి లేపి ఉంది. దాని మీద ఎవరో తారుతో పెద్ద అక్షరాలు రాసినట్టున్నారు. కిరసనాయిలు పోసి రుద్దినా జాడ పోలేదు. అమ్ముడుపోయారు అన్న మాట ఇంకా చదవడానికి వస్తోంది. లోపల ఆమె మిషను ముందు వంగి, చొక్కాకు కాజా కుడుతోంది. మెడలో టేపు వేలాడుతోంది. గోడ మీద చట్రంలో దండ వేసిన ఒక మగమనిషి ఫొటో ఉంది. అలాంటి ఫొటో కాగితాలక్క ఇంట్లోనూ ఒకటుంది. ఇద్దరూ దాని గురించి ఏమీ అనుకోలేదు.

"పిల్ల లేదు. నీళ్ళకెళ్ళింది," అంది దర్జీ, కాగితాలు చూసి.

"మీతో మాట్లాడదామని వచ్చాను. ఆ రోజు తెర వెనక ఉన్నది నేనే."

మిషను ఆగింది. దర్జీ చక్రం మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది. "అయితే మీరు విన్నారు."

"విన్నాను."

"ఎలా వాయించింది?"

కాగితాలక్క జవాబు కోసం వెతికింది. ఏ మాటా చాలదనిపించింది. దర్జీ ఆమె ముఖంలోకి చూసింది. చూసి తల దించుకుని కాజాకున్న దారాన్ని పళ్ళతో కొరికింది.

"ఆర్కెస్ట్రా పేర్ల జాబితా బయటపడ్డ వారానికే ఆ షట్టరు మీద రాశారు. నలభైమందిలో ఒకత్తి అయినందుకే ఇది. ఇక గోడల మీద బొమ్మే పడితే? ముల్లు వెళ్ళి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా. మీ వైపున్నా మా వైపున్నా మనం ఆకులమే."

"అమ్మాయికి తెలియాలి కదండీ. తను సరిగ్గా వాయించలేదనుకుంటోంది."

"అనుకోనివ్వండి. ఓడిపోయాననుకుంటే రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటుంది. గెలిచానని తెలిస్తే ఆగదు. మీరూ ఆడపిల్ల తల్లే. చెప్పనని మాటివ్వండి."

కాగితాలక్క మాటిచ్చింది. తిరిగి వస్తూ వంతెన మొదట్లో, ఏటి నుంచి రెండు బిందెలతో వస్తున్న పిచ్చుక ఎదురైంది. "ఏంటక్కా, మా వైపు?" అని సంబరంగా అడిగింది. కాగితాలు ఇద్దామని వచ్చానంది ఆమె. "రేపు ఇస్తే పోయేదిగా అక్కా, ఇంత దూరం ఎందుకు నడిచారు!" అంటూ ఆ పిల్ల ఆమె సంచి తీసుకుని, బిందెలు అక్కడే దించేసి, ఇవతలి తనిఖీ దాకా మోసుకొచ్చింది.

ఆ సాయంత్రం కూతురు చెల్లో తీగలు తుడుస్తూ అంది. "అమ్మా, నిన్న పిచ్చుక నాకు నాలుగో పేజీలో వేళ్ళు ఎలా మార్చుకోవాలో చూపించింది. నాకు నెల రోజులు పట్టినది తనకి చిటికెలో వస్తోంది. మరి నాకెలా ఇచ్చారు?"

"ఆ రోజు నువ్వు బాగా వాయించావు."

"తనకన్నా?"

"ఆ."

ఆ ఒక్క అక్షరం అనడానికి ఆమెకు ఎంతసేపూ పట్టలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

గురువారం రిహార్సలుకు నలభైమందీ కూర్చున్నారు. కాగితాలక్క కూతురు ముందు కుర్చీలో ఉంది. దాని వెనకే, చెల్లోల మొదటి వరసలో, పిచ్చుక. కాగితాలక్క చివరన నిలబడి, గాలికి ఎగిరే పేజీలకు క్లిప్పులు పెడుతోంది. సోలో మొదలైంది. సగం దాకా బాగానే నడిచింది. ఆ ఒంటి స్వరం దగ్గరికి వచ్చి కూతురు దాటేసింది. కండక్టరు చేతిలో పుల్ల ఎత్తి ఆపాడు.

"వద్దు, వద్దు. వెళ్ళిపోవద్దు. ఇక్కడ నిలబడు. ఆ రోజు ఐదో నంబరు నిలబడింది చూడు, అలా."

అనేసి ఆగిపోయాడు. పొరపాటున అన్నాడో, కావాలనే అన్నాడో కాగితాలక్కకు ఎప్పటికీ తెలియలేదు. ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అదేమిటో పిల్లల్లో చాలామందికి తట్టలేదు. నాది రెండు కదా అన్నట్టు కూతురు కనుబొమలు ముడిచింది. పిచ్చుక కమాను మాత్రం మోకాలి మీదికి మెల్లగా దిగింది. ఆ పిల్ల కండక్టరు వైపు చూడలేదు. మెడ తిప్పి కాగితాలక్క వైపు చూసింది.

"అక్కా, ఐదు నేనే కదా?"

గుమ్మం దగ్గర హెడ్మాస్టరు ఒక అడుగు ముందుకేశాడు. డాక్టరు ఆయన వెనక ఉన్నాడు. కాగితాలక్కకు ఇచ్చిన మాట గుర్తుంది. షట్టరు మీది తారు గుర్తుంది. చేతిలో క్లిప్పు ఉంది. కాదు అంటే చాలు. నిన్న ఒక అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకు తెలుసు. కానీ నిన్న అడిగిన పిల్ల ఆమె కడుపున పుట్టింది. కనీసం అబద్ధమాడే హక్కుందని సర్దిచెప్పుకోవచ్చు. ఈ పిల్ల విషయంలో ఆ హక్కు ఎవరిచ్చారు?

"అవునమ్మా. నువ్వే."

"చూడు తల్లీ!" హెడ్మాస్టరు గొంతు గోడలకు కొట్టుకుంది. "మమ్మల్ని తప్పుపట్టకు. మీ అమ్మే వచ్చి వద్దంది. కావాలంటే ఇంటికెళ్ళి అడుగు!"

ఓడిపోయిన రోజు ఓహో అనగలిగిన పిల్లకు గెలిచిన రోజు ఆ మాట కూడా రాలేదు. కమాను మర తిప్పి వెంట్రుకలు వదులు చేసింది. తీగల మీది తెల్లటి పొడిని గుడ్డతో తుడిచింది. చెల్లోను పెట్టెలో పడుకోబెట్టి మూడు గొళ్ళేలూ ఒకటొకటిగా వేసింది. వెళుతూ వెళుతూ కాగితాలక్క ముందు ఆగింది.

"మూడు రోజులక్కా," అంది. "ఎక్కడ తప్పు వాయించానా అని రోజూ తెల్లారగట్ల లేచి వెతుకుతున్నాను. మూడు రోజులు."

పిచ్చుక వెళ్ళాక ముందు కుర్చీ చప్పుడైంది. కూతురు లేచి నిలబడింది. "నేనే బాగా వాయించానన్నావు కదమ్మా," అంది. కోపంగా కాదు, లెక్క తప్పిన పిల్ల అడిగినట్టు అంది. చెల్లోనూ స్టాండునూ ఎత్తుకుని చిట్టచివరి వరసలోకి వెళ్ళి కూర్చుంది. పిచ్చుక ఖాళీ చేసిన చోట కూర్చోలేదు. ఆ రోజు ఇంట్లో తల్లితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. గిన్నెలో కలుపుకుని కిటికీ దగ్గర నిలబడి తిని, గిన్నె కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

శుక్రవారం అచ్చయిన పోస్టర్ల కట్టలు వచ్చాయి. ఒక్కోదాని మీద కూతురి ముఖం, దాని కింద పేరు. డాక్టరూ హెడ్మాస్టరూ బల్ల దగ్గర కూర్చుని అవతలివి అవతలికి, ఇవతలివి ఇవతలికి పంచుతున్నారు. పిచ్చుక రాదనే అందరూ అనుకున్నారు. పదకొండు గంటలకు వంతెన మీద పెట్టె కనపడింది. దానికి పదిహేను అడుగుల వెనక దర్జీ నడిచి వస్తోంది. పని మధ్యలో లేచి వచ్చేసినట్టుంది, టేపు మెడలోనే ఉంది. తల్లీ కూతుళ్ళు ఒకరినొకరు చూసుకోవడం లేదు.

కాగితాలక్క ఎదురెళ్ళింది. తిట్టినా పడటానికి సిద్ధమై వెళ్ళింది.

"మాటిచ్చారు," అంది దర్జీ.

"ఇచ్చాను."

"తప్పారు."

"తప్పానండీ."

దర్జీ ఆమెను దాటి బల్ల దగ్గరికి నడిచింది. పైనున్న పోస్టరు తీసి, అద్దాన్ని పట్టుకున్నట్టు ఎదురుగా పట్టుకుని చూసింది. కాగితాలక్క కూతురు ఆఖరి వరసలో తల వంచుకుంది.

"అమ్మా, రండి, కూర్చోండి," డాక్టరు లేచాడు. "అనుకోకుండా అలా బయటపడింది. కానీ మీరేం భయపడకండి. ఏర్పాటు ఏర్పాటే. మీరు చెప్పినట్టే జరుగుతుంది."

"నేను చెప్పినట్టే," అంది దర్జీ. "నేను ఎంతసేపు చెప్పాను డాక్టరు గారూ, గుర్తుందా?"

"అంటే..."

"మీ ఆసుపత్రి గుమ్మంలో నిలబడి రెండు ముక్కలు చెప్పాను. నా పిల్ల గెలిస్తే వద్దనండి అని. మీరు వెంటనే సరే అనేశారు. నేను ఇంకా మెట్లు దిగకముందే ఈయనకి ఫోన్ చేశారు. ఈయనా సరే అన్నారట." ఆమె గొంతు పెంచలేదు. "రాత్రంతా ఇది అడుగుతోంది, ఎందుకడిగావమ్మా అని. భయపడి అడిగాను. నిజమే. కానీ ఎవరో ఒకరు కాదమ్మా, అది తప్పు, మేమున్నాం అంటారనుకున్నాను. అంటారనే అడిగానేమో కూడా. ఇంత పెద్దవాళ్ళు, ఇన్ని చదువులు. భయపడ్డదాన్ని నేను అడిగాను, సరే. భయం లేని మీరెందుకు ఒప్పుకున్నారు?"

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"మీరూ అంతే," దర్జీ కాగితాలక్క వైపు తిరిగింది. "మా కొట్టుకొచ్చి నా మాట విని వెంటనే మాటిచ్చేశారు. నాతో కాసేపు పోట్లాడతారేమోనని చూశాను."

చెంపదెబ్బ కొట్టినా కాగితాలక్క అంత అదిరిపోయేది కాదు. ఇచ్చిన మాట తప్పినందుకు క్షమించమని అడగాలని నిన్నటి నుంచి పదాలు కూర్చుకుంటోంది. తప్పు మాట తప్పడంలో లేదని, ఇవ్వడంలో ఉందని ఆమెకు ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఇది మళ్ళీ అచ్చు వెయ్యడానికి ఎంత సేపు పడుతుంది?" అడిగింది దర్జీ పోస్టరు బల్ల మీద పెడుతూ.

"అమ్మా, ఆలోచించండి. అవతల..." అన్నాడు డాక్టరు.

"అవతల ఉండేది నేను. మీకన్నా బాగా తెలుసు."

"రేపు పొద్దున్నకి అయిపోతుంది. నేనే కూర్చుని చేయిస్తాను," అంది కాగితాలక్క. పెన్సిలు తీసి, ఒక పోస్టరు తిరగేసి తెల్లటి వైపు పైకి పెట్టింది. పిచ్చుక పూర్తి పేరు ఆమెకు తెలుసు. జాబితాలో తనే రాసింది. అయినా ఎదురుచూసింది. దర్జీ వంగి, కూతురి పేరూ, దాని ముందు ఇంటిపేరూ, ఏటికి అవతల తమ వీధి పేరూ, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూపిస్తున్నట్టు నెమ్మదిగా చెప్పింది. కాగితాలక్క రాసింది.

ఆఖరి వరస నుంచి కూతురు లేచి వచ్చింది. తల్లి వైపు చూడలేదు. ముందు కుర్చీని పిచ్చుక ఎత్తుకు తగ్గట్టు మర తిప్పి కిందికి దించింది. "నాలుగో పేజీ కాగితం చిరిగింది, చూసి తిప్పు," అని పిచ్చుకతో చెప్పి వెనక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే గిడ్డంగి నిండింది. ఇవతలివాళ్ళు ఎడమ పక్క, అవతలివాళ్ళు కుడి పక్క. ఎవరూ అలా కూర్చోమనలేదు. దర్జీ కుడి పక్క ఐదో వరస మధ్యలో కూర్చుంది. పక్కన రెండు వైపులా ఒక్కో కుర్చీ ఖాళీగా ఉంది. కాగితాలక్క గోడ పక్కన నిలబడింది. కూతురు చివరి వరసలో ఉంది. మూడు రోజులైనా ఇంకా మాట్లాడలేదు. తను కూడా తొందరపెట్టలేదు.

మొదటి భాగం అయిపోయింది. నలభైమందీ ఒకరి తర్వాత ఒకరు తగ్గుతూ, ఊపిరంత చప్పుడుకి వచ్చి ఆగారు. కండక్టరు పిచ్చుక వైపు తిరిగి తల ఊపాడు.

అప్పుడు కుడి పక్క ముందు వరసలో ఒకాయన లేచాడు. చొక్కా సవరించుకుని నడవలోకి వచ్చాడు. అతని వెనక ఇంకొకరు, ఆ వెనక వరసంతా, తర్వాత దాని వెనక వరస. ఎవరూ అరవలేదు. కుర్చీలు నేల మీద కిర్రుమన్నాయి. బూట్లు ఒకదాని వెనక ఒకటి తలుపు వైపు నడిచాయి. వెళ్ళేవాళ్ళ మోకాళ్ళు దర్జీ మోకాళ్ళకు తగులుతున్నాయి. ఆమె తల తిప్పలేదు, ఒళ్ళో చేతులు కదపలేదు.

కండక్టరు చెయ్యి పైకి ఉండిపోయింది. పిచ్చుక ఆయన్ని చూడలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు చోటు వెతుక్కుని కూర్చునేదాకా ఆగినట్టు, కమాను మోకాలి మీద పెట్టుకుని, వెళ్ళిపోయేవాళ్ళను వాళ్ళ మానాన వెళ్ళనిచ్చింది. ఎడమ అరచేతిని లంగాకు తుడుచుకుంది. చివరి మనిషి బయటికి అడుగుపెట్టాడు. బరువైన ఇనప తలుపు మెల్లగా వచ్చి చట్రానికి తగిలింది. ఆ చప్పుడు కూడా పూర్తిగా పోయాక ఆమె కమాను ఎత్తింది.